ఎరుపుని కాదు, ఆక్సిజన్ గీతని అడగండి: కలర్ కెమెరాకి నారోబ్యాండ్ ఫిల్టర్ పరీక్ష

కలర్ కెమెరాతో నెబ్యులాల్ని (అంతరిక్షంలో వెలిగే వాయు మేఘాల్ని) ఫోటో తీసేవాళ్లందరికీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వస్తుంది. రెండు సన్నని రంగు కిటికీల్లోంచి మాత్రమే కాంతిని రానిచ్చే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ కొనాలా? కొంటే కిటికీ వెడల్పు 7 నానోమీటర్లున్నదా, 3 నానోమీటర్లున్నదా? సమాధానం కోసం అందరూ ఆ ఫిల్టర్‌తో ఎవరో తీసిన ఫోటోలు వెతుకుతారు. ఎర్రగా వెలిగిపోతున్న రోజెట్ నెబ్యులా కనిపించగానే మనసు అటు లాగేస్తుంది.

ఆ ఫోటో ఫిల్టర్ గురించి దాదాపు ఏమీ చెప్పదు. ఎన్ని గంటలు తీశారు, ఏ ఊరి ఆకాశం, చంద్రుడున్నాడా, కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చున్నారు అన్నవన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. పైగా ఎరుపు రంగు ఎవరినైనా మురిపిస్తుంది. హైడ్రోజన్ ఎరుపు చాలా నెబ్యులాల్లో బలంగా ఉంటుంది కాబట్టి సాదా ఫిల్టర్ కూడా అక్కడ పాసైపోతుంది. మంచి ఫిల్టర్‌కి, మామూలు ఫిల్టర్‌కి తేడా తెలిసేది రెండో కిటికీ దగ్గర, నీలానికీ ఆకుపచ్చకీ మధ్య ఆక్సిజన్ వెలువరించే ఒక సన్నని రంగు గీత దగ్గర. ఆ పరీక్ష కూడా మీ టెలిస్కోప్ మీద, మీ ఊరి ఆకాశం కింద జరగాలి. ఎందుకో, ఎలాగో వివరంగా చెప్తాను.

గుంటూరులో మొదలైన ఉపాయం

ఈ ఫిల్టర్ల వెనకున్న ఆలోచన తెలుగునేల మీదే ఒకసారి గొప్పగా ఫలించింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల కాంతిని, రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్‌లో చూశాడు. ఆ కాంతి అన్ని రంగులుగా పరుచుకోకుండా కొన్ని సన్నని గీతలుగా మెరిసింది. ఇంత ప్రకాశంగా ఉన్న గీతలు గ్రహణం లేకపోయినా కనపడాలి కదా అనుకున్నాడు. మర్నాడు గ్రహణం లేని మామూలు పగటి వెలుతురులో చూశాడు. కనపడ్డాయి.

పట్టపగలు అదెలా సాధ్యమైంది? పగటి ఆకాశపు వెలుతురు అన్ని రంగుల్లోనూ ఉంటుంది. స్పెక్ట్రోస్కోప్ దాన్ని ఆ చివరి నుంచి ఈ చివరికి పరిచేస్తే ఏ ఒక్క చోటా పెద్దగా బలం మిగలదు. జ్వాలలోని హైడ్రోజన్ కాంతి మాత్రం ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర పోగై ఉంటుంది కాబట్టి ఎంత పరిచినా పలచబడదు. నారోబ్యాండ్ ఫిల్టర్ చేసేది కూడా ఇదే. గీత ఉన్న చోట సన్నని సందు వదిలి మిగతాదంతా మూసేస్తుంది. నెబ్యులా కాంతి ఆ సందులోంచి దాదాపు మొత్తం వస్తుంది, ఆకాశపు వెలుతురులో మాత్రం చిన్న ముక్కే వస్తుంది.

నెబ్యులాల్లో మనకి ముఖ్యమైన గీతలు రెండు. హైడ్రోజన్ ఇచ్చే హెచ్-ఆల్ఫా 656.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, ముదురు ఎరుపు. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ ఇచ్చే గీత 500.7 దగ్గర ఉంటుంది. దీన్నే ఓ-త్రీ అంటాం. దీనికి 495.9 దగ్గర ఒక తోడు గీత కూడా ఉంది. 1864లో విలియం హగిన్స్ ఒక ప్లానెటరీ నెబ్యులా (చివరి దశలో నక్షత్రం వదిలిన వాయువు) వర్ణపటంలో ఈ ఆకుపచ్చ గీతల్ని చూసినప్పుడు అవి భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. కొత్త మూలకం అనుకుని నెబ్యులియం అని పేరు కూడా పెట్టేశారు. అది ఆక్సిజనేనని 1927లో ఐరా బోవెన్ తేల్చాడు. అంతకాలం పట్టడానికి కారణం ఉంది. మన ల్యాబుల్లోని వాయువు ఎంత పలచగా ఉన్నా నెబ్యులాతో పోలిస్తే బాగా చిక్కన. ఆ గీత వెలిగేలోపే కణాలు ఒకదాన్నొకటి ఢీకొని శక్తిని వేరే దారిలో పంచేసుకుంటాయి. అందుకే ఓ-త్రీ గీతని ల్యాబ్‌లో వెలిగించి ఫిల్టర్‌ని పరీక్షించలేం. దానికి వేరే దారి ఉంది, ముందు ముందు వస్తుంది.

మన ఆకాశంలో ఉన్నది ఏ వెలుతురు

విజయనగరంలో డాబా ఎక్కి దక్షిణానికి తిరిగితే ఆకాశం అడుగున విశాఖ వెలుతురు తెల్లగా లేచి కనిపిస్తుంది. వేసవిలో మనం తీయాలనుకునే లగూన్, ట్రిఫిడ్ లాంటివన్నీ సరిగ్గా ఆ దిక్కునే ఉంటాయి. శ్రీకాకుళం వాళ్లకి విశాఖ నైరుతిలో వంద కిలోమీటర్ల దాకా ఉంది కాబట్టి ఆ బెడద కాస్త తక్కువ. ఆ లోటుని పైడిభీమవరం పరిశ్రమలూ, హైవే దీపాలూ తీరుస్తాయి.

ఇదివరకు వీధుల్లో ఎక్కువగా సోడియం దీపాలుండేవి. వాటి పసుపు వెలుతురు 589 నానోమీటర్ల చుట్టుపక్కలే పోగై ఉంటుంది. ఆ భాగాన్ని మాత్రం మింగేసే చౌక ఫిల్టర్ ఒకటి పెట్టుకుంటే చాలావరకు గడిచిపోయేది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక విశాఖ వీధుల్లోకి ఎల్ఈడీలు వచ్చాయి. ఆ తర్వాత పట్టణాలూ పంచాయతీలూ అదే దారి పట్టాయి. తెల్ల ఎల్ఈడీ కాంతిలో 450 దగ్గర నీలి శిఖరం, 480 దగ్గర చిన్న పల్లం, అక్కణ్ణించి ఎరుపు దాకా వెడల్పాటి మెరక ఉంటాయి. ఫలానా చోట కోసేస్తే పోతుందనడానికి ఒక చోటంటూ లేదు. కాబట్టి పాత రకం లైట్ పొల్యూషన్ ఫిల్టర్లకి ఇప్పుడు మన పట్టణాల్లో పెద్దగా పని లేదు. గీత చుట్టూ సన్నగా కోసే ఫిల్టరే పనికొస్తుంది.

చంద్రుడిది ఇంకో లెక్క. వెన్నెల అంటే సూర్యకాంతే. గాలి దాన్ని చెదరగొట్టేటప్పుడు నీలాన్ని ఎక్కువగా, ఎరుపుని తక్కువగా చెదరగొడుతుంది. పౌర్ణమి నాడు హెచ్-ఆల్ఫా బాగానే వచ్చి ఓ-త్రీ వెలిసిపోయినట్టు కనిపిస్తే, ఫిల్టర్‌ని అనేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కలర్ కెమెరా లోపల జరిగేది

కలర్ సెన్సర్ మీద ప్రతి పిక్సెల్ పైనా ఒక బుల్లి రంగు ఫిల్టర్ ఉంటుంది. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరిక ఇది. ముగ్గు చుక్కల్లాగా రెండేసి చొప్పున తీసుకుంటే ప్రతి నాలుగు పిక్సెళ్లలో ఒకటి ఎరుపు, రెండు ఆకుపచ్చ, ఒకటి నీలం. హెచ్-ఆల్ఫా పడితే నాలుగింట ఒక్క పిక్సెలే దాన్ని బాగా పట్టుకుంటుంది. 500.7 ఆకుపచ్చ, నీలం పిక్సెళ్ల హద్దుల్లో పడుతుంది కాబట్టి దాన్ని ఆ మూడూ అందుకుంటాయి. డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ కలర్ కెమెరాకి అంత చక్కగా కుదరడానికి ఇదే కారణం. ఒకే ఫ్రేములో ఎరుపు పిక్సెళ్లలో హైడ్రోజన్, మిగతా వాటిలో ఆక్సిజన్ వచ్చి కూర్చుంటాయి. ఉచితంగా దొరికే సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో వాటిని విడదీసే స్క్రిప్ట్ ఉంది. ఫిల్టర్‌ని పరీక్షించేవాళ్లు ఫోటోని రంగుల్లో చూడకుండా, ఇలా విడదీసిన రెండు నలుపు తెలుపు చిత్రాలుగా చూడాలి.

మామూలు డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. దాని సెన్సర్ ముందు కంపెనీ పెట్టిన ఫిల్టర్ హెచ్-ఆల్ఫాలో చాలా భాగాన్ని ఆపేస్తుంది. దాన్ని మార్పించకుండా ఖరీదైన నారోబ్యాండ్ ఫిల్టర్ కొంటే ఎరుపు వైపు ఆ డబ్బు చాలావరకు వృథా.

ఎంత సన్నగా ఉంటే అంత మంచిదా?

ఎరుపు పిక్సెల్ దాదాపు 100 నానోమీటర్ల వెడల్పున కాంతిని తీసుకుంటుందనుకుందాం. 7 నానోమీటర్ల ఫిల్టర్ పెడితే ఆకాశపు వెలుతురు సుమారు 14 రెట్లు తగ్గుతుంది. నెబ్యులా గీత మాత్రం 90 శాతం దాకా వస్తుంది. ఆకాశం వల్ల ఫోటోలో వచ్చే నాయిస్ (గరుకు గరుకు చుక్కలు) దాని వెలుతురు వర్గమూలంతో పోతుంది కాబట్టి, మసక నెబ్యులా విషయంలో సిగ్నల్‌కీ (నెబ్యులా కాంతికి) నాయిస్‌కీ మధ్య నిష్పత్తి మూడు రెట్ల పైచిలుకు మెరుగవుతుంది. అదే నాణ్యత ఫిల్టర్ లేకుండా రావాలంటే పదకొండు రెట్లు ఎక్కువసేపు తీయాలి. నాలుగు రోడ్ల కూడలి పక్కన ఇల్లున్నవాడికి ఇది వరమే.

7 నుంచి 3కి దిగితే ఆకాశం ఇంకో 2.3 రెట్లు తగ్గి, నిష్పత్తి మరో ఒకటిన్నర రెట్లు పెరగాలి. కాగితం మీద అంతే. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది, ఎందుకంటే ఆకాశం ఒక స్థాయి దాటి చీకటైతే కెమెరా సొంత నాయిస్ పైకి తేలుతుంది. ఒక్కో ఫ్రేములో ఆకాశం ఇచ్చే ఎలక్ట్రాన్లు రీడ్ నాయిస్ (ఫ్రేముని చదివేటప్పుడు కెమెరా తానే కలిపే నాయిస్) వర్గానికి కనీసం పది రెట్లు ఉండాలన్నది నేను పాటించే లెక్క. రీడ్ నాయిస్ 1.5 ఎలక్ట్రాన్లయితే పిక్సెల్‌కి 22 ఎలక్ట్రాన్ల దాకా కావాలి. 7 నానోమీటర్ల ఫిల్టర్‌లో ఆకాశం సెకనుకి 0.1 ఎలక్ట్రాన్ ఇస్తుంటే దానికి నాలుగు నిమిషాలకి కాస్త తక్కువ చాలు. 3 నానోమీటర్లయితే తొమ్మిది నిమిషాలకి దగ్గర పడుతుంది. సముద్రపు గాలిలో మౌంట్ (టెలిస్కోప్‌ని ఆకాశంతో పాటు తిప్పే స్టాండు) తొమ్మిది నిమిషాలు చెదరకుండా నక్షత్రాల్ని పట్టుకోగలదా? పట్టుకోలేకపోతే 3 నానోమీటర్లకి పెట్టిన డబ్బు వల్ల వచ్చే లాభంలో చాలా భాగం నాయిస్ తినేస్తుంది. పట్టణం నడిబొడ్డున ఈ ఇబ్బంది తక్కువ. చీకటి పల్లెలో ఎక్కువ. అంటే అతి సన్నని ఫిల్టర్ వల్ల ఎక్కువ లాభపడేది వెలుతురు ఎక్కువున్న ఊళ్లలో ఉన్నవాళ్లే.

వెడల్పు మారితే లోపలికొచ్చే గీతలు కూడా మారతాయి. ఓ-త్రీ జంటలో 500.7కీ 495.9కీ బలం 3:1. ఆప్టోలాంగ్ ఎల్-ఎన్‌హాన్స్ లాంటి వెడల్పాటి ఫిల్టర్ ఆ రెండిటితోపాటు 486.1 దగ్గరున్న హైడ్రోజన్ గీతని కూడా రానిస్తుంది. 7, 3 నానోమీటర్ల ఫిల్టర్లు 500.7ని మాత్రమే రానిస్తాయి. ఎరుపు వైపు హెచ్-ఆల్ఫాకి రెండు పక్కలా 654.8, 658.4 దగ్గర నైట్రోజన్ గీతలున్నాయి. 7 నానోమీటర్ల సందులో ఆ రెండూ పడతాయి. 3 నానోమీటర్ల సందులో బలమైన 658.4 బయటే ఉండిపోతుంది. అందువల్ల నైట్రోజన్ ఎక్కువున్న హెలిక్స్ లాంటి ప్లానెటరీ నెబ్యులా మీద రెండు ఫిల్టర్లని పోల్చి, సన్నదానిలో ఎరుపు తగ్గింది కాబట్టి అది నాసిరకం అంటే అన్యాయం. అది తన పని తాను చేసింది.

అసలు గొడవ వాలు కోణంతో

ఈ ఫిల్టర్లు రంగు గాజులు కావు. గాజు మీద ఎన్నో పలచటి పొరలు పూసి, వాటి మధ్య కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసేలా చేసి సందుని తయారుచేస్తారు. కాంతి నిటారుగా పడితే సందు అనుకున్న చోట ఉంటుంది. వాలుగా పడితే సందు నీలం వైపు జరుగుతుంది. టెలిస్కోప్ నుంచి సెన్సర్‌కి వచ్చే కాంతి శంకువులా వస్తుంది కాబట్టి అంచు కిరణాలు ఎప్పుడూ వాలుగానే పడతాయి. ఎఫ్-రేషియో (ఫోకల్ లెంగ్త్‌ని టెలిస్కోప్ వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె) ఎంత చిన్నదైతే వాలు అంత ఎక్కువ.

పొరల సగటు వక్రీభవన గుణకం సుమారు 2 అనుకుని లెక్కిస్తే, ఎఫ్/7లో అంచు కిరణాలకి హెచ్-ఆల్ఫా దగ్గర సందు 0.4 నానోమీటర్లు జరుగుతుంది. ఎఫ్/5లో 0.8. ఎఫ్/4లో 1.3 దాకా. ఎఫ్/2లో దాదాపు 5. సందు సగం వెడల్పే 1.5 నానోమీటర్లున్న ఫిల్టర్‌ని ఎఫ్/2 లెన్స్ వెనక పెడితే అంచు కిరణాల్లో నెబ్యులా గీత గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. ఆకాశపు వెలుతురు మాత్రం జరిగిన సందులోంచి యథాతథంగా వస్తూనే ఉంటుంది. అంటే నష్టం రెండు వైపులా. అందుకే కొన్ని కంపెనీలు వేగమైన (ఎఫ్-రేషియో చిన్నదైన) టెలిస్కోపుల కోసం సందుని ముందే ఎరుపు వైపు జరిపి తయారుచేస్తాయి. పెట్టెలో వచ్చే గ్రాఫ్ మామూలుగా నిటారు కాంతికి గీసింది. మీ టెలిస్కోప్ దగ్గర ఏం జరుగుతుందో అది చెప్పదు.

135 మిల్లీమీటర్ల ఎఫ్/2 లెన్స్ వాడేవాళ్లకి ఒక మంచి దారి ఉంది. ఫిల్టర్‌ని లెన్స్ ముందు బిగించాలి. అక్కడ నక్షత్ర కాంతి సమాంతర కిరణాలుగా వస్తుంది, శంకువు ఇంకా మొదలవలేదు. ఏపీఎస్-సీ సైజు (మామూలు డీఎస్ఎల్ఆర్‌లలో ఉండేది) సెన్సర్‌తో మూలల్లో 6 డిగ్రీల వాలు మాత్రం మిగులుతుంది, మధ్యలో ఏమీ ఉండదు. 2 అంగుళాల ఫిల్టర్ 48 మిల్లీమీటర్ల గుండ్రమే కాబట్టి లెన్స్ ఎఫ్/2.8కి దిగుతుంది. నా ఉద్దేశంలో అది మంచి బేరం. నక్షత్రాలు కూడా గుండ్రంగా వస్తాయి.

డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ఒక మధ్యాహ్నం

వాలు వల్ల సందు ఎంత జరుగుతుందో కళ్లతో చూసే పరికరం మన ప్రతి డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లోనూ ఉంది. మినిమమ్ డీవియేషన్ కోసం డిగ్రీలో అందరూ కన్ను చికిలించి చూసిన స్పెక్ట్రోమీటరే అది. కొలిమేటర్ నుంచి వచ్చే సమాంతర కాంతి ప్రిజం బల్ల మీదుగా చిన్న టెలిస్కోప్‌లోకి వెళ్తుంది. ప్రిజం గానీ గ్రేటింగ్ గానీ అక్కర్లేదు. ఆ స్థానంలో మన ఫిల్టర్‌ని నిటారుగా నిలబెట్టి బల్లని మెల్లగా తిప్పడమే. ఎన్ని డిగ్రీలు తిప్పామో పక్కనున్న వెర్నియర్ చెప్తుంది.

స్లిట్ ముందు హైడ్రోజన్ ట్యూబ్ వెలిగిస్తే ఫిల్టర్‌లోంచి స్లిట్ సన్నని ఎర్రగీతలా కనిపిస్తుంది. బల్ల తిప్పుతుంటే ఒక కోణం దాకా అదే వెలుగు ఉంటుంది. ఆ తర్వాత గీత డల్ అయి మాయమైపోతుంది. సందు సరిగ్గా 656.3 చుట్టూ ఉన్న 3 నానోమీటర్ల ఫిల్టరైతే 8 డిగ్రీల దగ్గర సగానికి పడిపోవాలి. 7 నానోమీటర్లదైతే 12 డిగ్రీలు. అంతకంటే చాలా ముందే చీకటైతే సందు నీలం వైపుకి తప్పి ఉందన్నమాట. ఆలస్యంగా చీకటైతే తయారీలోనే ఎరుపు వైపు జరిపారు, వేగమైన టెలిస్కోప్‌కి అది మంచిదే.

ఇక ఓ-త్రీ. దాన్ని ల్యాబ్‌లో వెలిగించలేం అన్నాను కదా. హీలియం ట్యూబ్ దొరికితే ఆ లోటు తీరుతుంది. హీలియంకి 501.6 నానోమీటర్ల దగ్గర ఒక ఆకుపచ్చ గీత ఉంది. ఓ-త్రీకి ఎరుపు వైపున 0.9 నానోమీటర్ల దూరంలో, మనకి కావలసిన చోటే. 3 నానోమీటర్ల ఫిల్టర్‌ని నిటారుగా పెట్టి చూసినప్పుడు ఈ గీత కనిపిస్తే సందు ఎరుపు అంచు ఓ-త్రీని దాటి కనీసం 0.9 నానోమీటర్లు ఉందని ధైర్యం. బల్ల ఐదారు డిగ్రీలు తిప్పేదాకా గీత నిలబడితే సందు సరిగ్గా కేంద్రంలో ఉందని అర్థం. నిటారుగా పెట్టినా గీత కనిపించకపోతే మాత్రం ఎఫ్/4 టెలిస్కోప్ ఉన్నవాళ్లు ఆ ఫిల్టర్ తిరిగి ఇచ్చేయడం మేలు. ఎఫ్/4లో అంచు కిరణాలకి ఓ-త్రీ దగ్గర సందు దాదాపు 1 నానోమీటర్ జరుగుతుంది. ఆ కిరణాల్లో ఆక్సిజన్ పోయినట్టే.

గ్యాస్ ట్యూబులు వేల వోల్టుల మీద పనిచేస్తాయి. ల్యాబ్ అసిస్టెంట్ పక్కన లేకుండా వాటి జోలికి వెళ్లకండి. ల్యాబ్ దొరకనివాళ్లు ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. టీవీ రిమోట్ దీపం 940 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. ఐఆర్ కట్ (ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే గాజు) లేని కెమెరా ముందు ఫిల్టర్ పెట్టి రిమోట్ నొక్కండి. దీపం బాగా కనిపించిందంటే ఫిల్టర్ ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలేస్తోంది. ఆ ప్రాంతంలో మూడు రంగుల పిక్సెళ్లూ దాదాపు ఒకేలా స్పందిస్తాయి కాబట్టి ఈ లీకు హైడ్రోజన్‌లోనూ ఆక్సిజన్‌లోనూ సమానంగా కలిసిపోతుంది.

రాత్రి పరీక్ష

మన వైపు ఈ పనికి సంక్రాంతి నుంచి మార్చి దాకా మంచి కాలం. భోగి రోజున మాత్రం వద్దు, ఆ పొగకి ఆకాశం రెండు రోజులు తేరుకోదు. మంచు కురిసే రాత్రుల్లో లెన్స్‌ని వెచ్చగా ఉంచే డ్యూ హీటర్ తప్పనిసరి. లెన్స్ మీద చెమ్మ పడితే నక్షత్రాల చుట్టూ వచ్చే వెలుగు వలయాన్ని చూసి ఫిల్టర్‌ని అనుమానిస్తాం.

వస్తువు ఎంపికలోనే సగం పరీక్ష ఉంది. ఒరాయన్ నెబ్యులా వద్దు. అది ఎంత ప్రకాశవంతమంటే ఏ ఫిల్టర్‌లోనైనా బాగుంటుంది. శీతాకాలంలో ఎన్‌జీసీ 2359 మంచి ఎంపిక. థోర్స్ హెల్మెట్ అంటారు, ఆక్సిజన్ దండిగా ఉన్న నెబ్యులా, శ్రీకాకుళం నుంచి దక్షిణాన 58 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. వర్షాలు వెనక్కి తగ్గాక వెయిల్ నెబ్యులా తీసుకోవచ్చు, అది దాదాపు నెత్తి మీదికి వస్తుంది.

తీసే పద్ధతి సులువే, ఓపిక కావాలి. మొదట ఒక ఫిల్టర్, తర్వాత రెండోది, మళ్లీ మొదటిది. గెయిన్, ఎక్స్‌పోజర్, సెన్సర్ ఉష్ణోగ్రత ఏవీ మారకూడదు. మధ్యలో వస్తువు ఎత్తు మారుతుంది, పక్కింటి వాళ్లు లైటు ఆర్పుతారు. మొదటి ఫిల్టర్‌తో రెండుసార్లు తీసిన ఫలితాలు ఒకదానికొకటి సరిపోతేనే పోలిక నమ్మొచ్చు. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ ఫోకస్ మళ్లీ చూసుకోవాలి.

తర్వాత స్ట్రెచ్ చేయని (వెలుగు పెంచని) రా ఫ్రేములు తెరవండి. ఆకుపచ్చ చానెల్‌లో నెబ్యులా మీద ఒక చిన్న పెట్టె, పక్కనే నక్షత్రాలు లేని ఖాళీ ఆకాశం మీద ఇంకో పెట్టె గీయండి. రెండిటి సగటుల తేడా సిగ్నల్. ఒకదాని తర్వాత ఒకటి తీసిన రెండు ఫ్రేముల్ని తీసివేసి, ఖాళీ పెట్టెలో వచ్చిన స్టాండర్డ్ డీవియేషన్‌ని 1.41తో భాగిస్తే నాయిస్. ఇలా తీసివేస్తే సెన్సర్ మచ్చలు లెక్కలోకి రావు. సిగ్నల్‌ని నాయిస్‌తో భాగించిన అంకె ఏ ఫిల్టర్‌కి ఎక్కువో అదే ఆ రాత్రికి గెలిచింది. ఎరుపు చానెల్‌లోనూ ఇదే చేయండి. చాలాసార్లు ఎరుపులో రెండు ఫిల్టర్లు పక్కపక్కనే నిలుస్తాయి, తేడా అంతా ఆకుపచ్చలో ఉంటుంది.

ఇప్పుడు మూలలు. “ఫ్లాట్స్ తీస్తే మూలల చీకటి సర్దుకుంటుంది కదా మాస్టారూ?” అని కుర్రాళ్లు అడుగుతుంటారు. సర్దుకోదు. ఫ్లాట్ అంటే మూలల చీకటినీ మచ్చల్నీ సవరించడానికి తీసే ఫ్రేము, దాన్ని తీసేది అంతటా సమానంగా ఉన్న తెల్ల వెలుతురుతో. సందు కొంచెం జరిగినా తెల్ల వెలుతురులో అంతే ముక్క లోపలికి వస్తుంది, కాబట్టి ఫ్లాట్‌కి ఆ నష్టం కనపడదు. గీత మాత్రం సందు బయటే ఉండిపోతుంది. దీన్ని పట్టుకోవాలంటే నెబ్యులాలో ఒకే ముక్కని ముందు ఫ్రేము మధ్యలో, తర్వాత మూలలో పెట్టి తీసి, ఫ్లాట్ సవరణ చేశాక రెండు చోట్లా సిగ్నల్ కొలవాలి. మూలలో గణనీయంగా తగ్గితే ఆ ఫిల్టర్ మీ టెలిస్కోప్‌కి సన్నదైపోయింది. ఈ ఒక్క పరీక్షా చేసేవాళ్లు అరుదు. నిజానికి ఇంత ఉపయోగపడేది ఇంకోటి లేదు.

వలయం ఎవరిది?

ఒరాయన్ నడుములోని ఆల్నిటాక్ నక్షత్రం చుట్టూ పెద్ద పళ్లెంలా వెలుగు వస్తే అందరూ ఫిల్టర్‌నే తిడతారు. తిట్టేముందు పళ్లేన్ని కొలవండి. ఆ వెలుగు రెండు గాజు ఉపరితలాల మధ్య కాంతి అటూ ఇటూ తిరిగి రావడం వల్ల వస్తుంది. వలయం వ్యాసాన్ని ఎఫ్-రేషియోతో గుణించి రెండుతో భాగిస్తే ఆ ఉపరితలాల మధ్య దూరం దాదాపుగా తెలిసిపోతుంది.

ఎఫ్/5 టెలిస్కోప్, 3.76 మైక్రాన్ల పిక్సెళ్లు, వలయం అడ్డంగా 320 పిక్సెళ్లు అనుకుందాం. అంటే 1.2 మిల్లీమీటర్లు. ఐదుతో గుణించి రెండుతో భాగిస్తే 3 మిల్లీమీటర్లు. ఫిల్టర్ సెన్సర్‌కి 20 మిల్లీమీటర్ల ముందుంటే దానివల్ల వచ్చే వలయం 8 మిల్లీమీటర్లుండాలి, రెండు వేల పిక్సెళ్ల పైమాటే. ఇక్కడ అది కాదు, ప్రతిబింబం సెన్సర్ దగ్గరి గాజుల మధ్యే పుడుతోంది. ఫిల్టర్ గాజు లోపలే తిరిగిన కాంతైతే, 2 మిల్లీమీటర్ల మందానికి వలయం 140 పిక్సెళ్ల దగ్గర ఉండాలి. అనుమానం తీరకపోతే ఒక స్పేసర్ (దూరం పెంచే రింగు) వేసి ఫిల్టర్‌ని జరిపి మళ్లీ తీయండి. వలయం సైజు మారితే దోషం ఫిల్టర్‌ది. మారకపోతే, అది గాజు లోపలే తిరిగిన కాంతి వలయం కాని పక్షంలో, ఫిల్టర్‌ది కాదు. ఫిల్టర్‌ని తిరగేసి పెట్టినా కొన్నిసార్లు వలయం తగ్గుతుంది.

ఎవరికి ఏది

విజయనగరం, శ్రీకాకుళం, బొబ్బిలి లాంటి పట్టణాల్లో మేడ మీద నుంచి తీసేవాళ్లు, ఎఫ్/5 కంటే నెమ్మదైన టెలిస్కోప్, గట్టి మౌంట్ ఉంటే 3 నానోమీటర్లకి వెళ్లొచ్చు. ఎఫ్/4 న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్) ఉన్నవాళ్లకి 5 నుంచి 7 మధ్య ఉన్నది క్షేమం. పల్లెలో చీకటి ఉన్నవాళ్లు, చిన్న ట్రాకర్ మీద లెన్స్‌తో తీసేవాళ్లు 7తో హాయిగా ఉంటారు. గెలాక్సీలకీ నక్షత్ర గుచ్ఛాలకీ ఏ నారోబ్యాండూ వద్దు, వాటి కాంతి అన్ని రంగుల్లోనూ ఉంటుంది. పిల్లలకోడి (కృత్తిక) చుట్టూ ఉన్న నీలి మబ్బు కూడా నక్షత్రాల కాంతిని తిరిగి పంపే దుమ్మే. ఫిల్టర్ పెడితే ఆకాశంతో పాటు అదీ పోతుంది.

చివరగా కరైనా నెబ్యులా. ఉత్తర భారతంలో చాలామందికి అందని ఈ దక్షిణాది నెబ్యులా మార్చి మొదట్లో అర్ధరాత్రి వేళ మనకి క్షితిజం నుంచి 12 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. కళింగపట్నం తీరంలో నిలబడితే దక్షిణాన సముద్రమే, ఊరి దీపాలేవీ అడ్డు రావు. తప్పకుండా తీయండి, కానీ దానితో ఫిల్టర్‌ని పరీక్షించకండి. అంత కిందున్న వస్తువు కాంతి నెత్తి మీది కంటే దాదాపు 4.7 రెట్లు మందమైన గాలి దాటి రావాలి. సముద్రపు తేమలో ఆ గాలి 500.7ని 656.3 కంటే ఎక్కువగా తినేస్తుంది. ఓ-త్రీ తక్కువొచ్చిందని ఫిల్టర్‌ని పక్కన పడేసేముందు, అదే వారంలో 45 డిగ్రీల పైనున్న నెబ్యులా మీద అదే కొలత ఇంకోసారి తీసి చూడండి.